నా పేరున అరగంట

అక్టోబర్ 12, 2011, బుధవారం

నువ్వు దొంగవి. ఇది చదువుతున్నావంటే నా పరుపు కింద చెయ్యి పెట్టావన్నమాట. సర్దుతుంటే కనిపించింది అని చెప్పకు. దొరికిన దొంగలందరూ సర్దుతూనే ఉంటారు.

ఈ ఇంట్లో తెలుగు చదవడం వచ్చినవాళ్ళు ముగ్గురు. ఒకదాన్ని నేను. రెండోవాడు నా మొగుడు పద్మనాభం. 1996 తర్వాత అతను ఒక్క తెలుగు పేజీ చివరిదాకా చదివిన దాఖలా లేదు, నేను రాసినవాటితో సహా. మూడో మనిషి పేరు రాయను. నువ్వెవరో నీకు తెలుసు.

డైరీ రాయమన్నది ఆస్పత్రిలో సోషల్ వర్కర్. "మనసులో ఉన్నది రాసుకోండి, తేలికపడతారు" అంది. ఇరవై ఏళ్ళుగా పత్రికలకి రాస్తున్నాను. మనసులో ఉన్నది రాసి నేనెప్పుడూ తేలికపడలేదు. చదివినవాళ్ళు బరువెక్కారు, అంతే. ఎదురుగా ఎవరూ లేకుండా వాదించడం నాకు చేతకాదు. అందుకని నిన్ను పెట్టుకున్నాను, దొంగని.

అక్టోబర్ 13

అలసట.

అక్టోబర్ 14

నిన్న రాసిందే.

అక్టోబర్ 15, శనివారం

పద్మనాభం పెరుగు తెచ్చాడు. డబ్బా మూత గులాబీ రంగు. దాని మీద రిబ్బను బొమ్మ.

"ఇదేంటి?"

"పెరుగు."

"మూత సంగతి అడుగుతున్నా."

"అక్టోబర్ కదా. రొమ్ము క్యాన్సర్ నెల. నీకు సపోర్టుగా ఉంటుందని."

"పెరుగు నాకు సపోర్టా?"

"మామూలు మూతది కూడా ఉంది, అది రేపటితో డేట్ అయిపోతుంది" అన్నాడు. ఈ మనిషితో పాతికేళ్ళుగా పోట్లాడుతున్నాను. ఒక్కసారీ ఎదురు దెబ్బ తగల్లేదు, దూది మూటని గుద్దినట్టుంటుంది.

మూత మీద "పోరాడుతున్న మహిళల కోసం" అని ఉంది. నేను పోరాడలేదు. కుర్చీలో వెనక్కి పడుకోబెట్టి మందెక్కించారు. ఎక్కించింది నర్సు. కనిపెట్టింది ఇంకెవరో. నేను చేసింది వాంతులు. దాన్ని పోరాటమంటే నిజంగా వీధుల్లో నిలబడి దెబ్బలు తిన్నవాళ్ళకి అవమానం. అయినా ఆ మాట ఊరికే అనరు. ముందు "పోరాడి గెలిచావు" అని చప్పట్లు కొడతారు. తర్వాత "గెలిచినదానివి ఇంకా మంచం మీదున్నావేం" అంటారు. ఆ రెండో మాట అనడానికే మొదటి మాట.

కీమో జూలైలో అయిపోయింది. రేడియేషన్ సెప్టెంబర్లో. స్కానులన్నీ శుభ్రం. అలసటకి స్కాన్ లేదు. స్కాన్‌లో కనపడనిది ఆడదాని ఒంట్లో ఉందంటే దానికి బద్ధకమని పేరు. ఇది అమెరికావాళ్ళు కొత్తగా కనిపెట్టింది కాదు, మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉన్న వైద్యమే.

మా ఇంట్లో మెట్లు పద్నాలుగు. ఇవాళ తొమ్మిదో మెట్టు మీద కూర్చుండిపోయాను. కింద నుంచి వదిన చూసింది. ఏమీ అనలేదు. అదే ఆవిడతో చిక్కు.

వదినకి అరవై ఆరేళ్ళు. వసంతలక్ష్మి, రిటైర్డ్ ట్రంక్ ఆపరేటర్, టెలిఫోన్స్, రాజమండ్రి. ఎవరితో పరిచయం చేసినా ఈ వరసలోనే చెప్పుకుంటుంది. తమ్ముడి పెళ్ళాం మంచాన పడిందని జూన్‌లో వచ్చింది. డిసెంబర్ మూడున వెనక్కి. ముప్పై నాలుగేళ్ళు ఊళ్ళో వాళ్ళ మాటలన్నీ విని ఎవరికీ చెప్పని మనిషి. ఆవిడ చూసి ఊరుకుందంటే ఎక్కడో రాసి పెట్టుకుందని అర్థం.

అక్టోబర్ 18, మంగళవారం

లైబ్రరీ నుంచి ఫోన్. డిసెంబర్ ఒకటి దాకా నా చోటు ఖాళీగా ఉంచుతారట. ఆ రోజు రాకపోతే వేరేవాళ్ళని తీసుకుంటారట. చాలా మర్యాదగా చెప్పింది మా సూపర్‌వైజర్. "మీరు పూర్తిగా రెస్ట్ తీసుకోండి" అని కూడా అంది. రెస్టు తీసుకుంటే పోయే అలసటైతే నీకు ఫోన్ చేసే పని ఉండేది కాదమ్మా అనుకున్నాను.

పదకొండేళ్ళ ఉద్యోగం. రోజుకి ఎనిమిది గంటలు నిలబడాలి, పుస్తకాల బండి తోయాలి. నేను దిగేటప్పుడు మెట్లు లెక్కపెట్టుకునే మనిషిని.

ఆరు వారాల రెండు రోజులు.

అక్టోబర్ 19

ఆస్పత్రిలో తెలుగావిడ కనిపించింది. సుధ. నలభై ఉంటాయి. స్టడీ కోఆర్డినేటరట. నా ఫైలు మీద పేరు చూసి ఆగిపోయింది.

"మీరు వ్యాసాలు రాసే జ్ఞానప్రసూన గారేనా? కన్యాదానం మీద రాశారు చూడండి, అది చదివి మా అత్తగారితో మూడు నెలలు మాట్లాడలేదండీ."

"ఇప్పుడు మాట్లాడుతున్నారా?"

"నేను మాట్లాడుతున్నా. ఆవిడ మానేశారు."

సుధ చెప్పింది ఇది. క్యాన్సర్ వైద్యం అయిపోయాక కూడా వదలని అలసట మీద స్టడీ. వెలుగు పెట్టె ఒకటి ఇస్తారు. పొద్దున లేచిన అరగంటలోపు దాని ముందు అరగంట కూర్చోవాలి. నాలుగు వారాలు. కొందరికి తెల్ల వెలుగు, కొందరికి మసక ఎర్రది. ఎంతమందికి ఓపిక వచ్చిందో లెక్క చూస్తారు.

"దీపం ముందు కూర్చోమంటున్నారు" అన్నాను.

"దీపం కాదండీ. పది వేల లక్స్ వెలుగు."

"వేలల్లో చెబితే దీపం కాకుండా పోతుందా?"

"అందుకేనండీ స్టడీ. పోతుందో లేదో తెలియాలిగా." మొహంలో నవ్వు లేదు. ఈవిడ మీద గౌరవం కలగడం నాకు ఇష్టం లేకపోయినా కలిగింది. "మీలాంటి శాస్త్రీయ దృక్పథం ఉన్నవాళ్ళు దొరకడం కష్టం. కొందరు చేరతారు, నాలుగు రోజులకి మానేస్తారు, చేశామని రాసేస్తారు."

"అది నేరం" అన్నాను.

సంతకం పెట్టాను.

2003లో మా తెలుగు సంఘం సభలో స్టేజీ మీద జ్యోతి వెలిగించమని నన్ను పిలిచారు. ట్యూబ్‌లైట్లు ఉండగా దీపమెందుకని మైకులోనే అడిగి దిగి వచ్చేశాను. దాని మీద వ్యాసం కూడా రాశాను. ఇంతకాలానికి అమెరికా ఆస్పత్రి దీపం పెట్టమంటే సంతకం పెట్టాను. తేడా ఉంది. ఇది రుజువు కోసం. తేడా ఉంది.

అక్టోబర్ 24, సోమవారం

పెట్టె వచ్చింది. మాది తెల్లది. డైనింగ్ టేబుల్ మీద పెట్టించాను. ఏడున్నర నుంచి ఎనిమిది దాకా కూర్చున్నాను. కళ్ళు తెరిచి ఉంచాలి, వెలుగుని నేరుగా చూడకూడదు అని కాగితంలో ఉంది.

వదిన కాఫీ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడింది. "పొద్దున్నే వెలుగు ముందు కూర్చోమని నేను జూన్ నుంచి చెబుతున్నా. నీకు డాక్టరు చీటీ కావాల్సొచ్చిందా అమ్మాయ్?"

"ఇది వేరు వదినా."

"వేరే. నాది నూనెతో, నీది కరెంటుతో. నీకు నూనె వాసన పడట్లేదని నాలుగు నెలలుగా దేవుడికి బ్యాటరీ దీపం పెడుతున్నా. ఆయనేం అనుకుంటున్నాడో."

"ఆయన్నే అడగండి."

"అడిగా. మీ మరదలికి తగ్గాక మాట్లాడదాం అన్నాడు."

రోజూ టైము కాగితంలో రాసి సంతకం పెట్టాలి. పెట్టె లోపల మీటరు కూడా ఉంది, ఎప్పుడు వెలిగిందీ ఎంతసేపు వెలిగిందీ దాచుకుంటుంది. అంటే కాగితం మీద నా మాట నమ్మరన్నమాట. జబ్బు మనిషి మాట నమ్మని చోట సైన్సు ఏం జరుగుతుంది? ఇది రాయాలి ఎక్కడైనా.

అక్టోబర్ 25

7:30–8:00. చేశాను.

అక్టోబర్ 26

దీపావళి. వదిన బ్యాటరీ దీపాలు పన్నెండు పెట్టింది.

పొద్దున పది నిమిషాలకే తల బల్ల మీద వాల్చేశాను. వెలుగు పడుతూనే ఉంది. 7:30–8:00 అని రాశాను. తల కూడా ఒంట్లో భాగమే.

అక్టోబర్ 27

లేవలేదు. మంచం మీద నుంచే కిటికీ తెర తీశాను. కాంతి కాంతే. సూర్యుడికి కంపెనీ లేదు గనక ఆయన మీద ఎవరూ స్టడీ చేయరు. 7:30–8:00 అని రాశాను.

భోజనం చేసి రెండు నుంచి నాలుగు దాకా పడుకున్నాను.

అక్టోబర్ 28

7:30–8:00.

అక్టోబర్ 29

7:30–8:00. పదింటికి లేచాను. బయట మంచు పడుతోంది, అక్టోబర్లోనే.

అక్టోబర్ 31

ఒక్కసారి రాస్తాను, ఇక్కడ మాత్రమే. కూర్చోలేకపోతున్నాను.

కూర్చోవడం కష్టమా అని ఎవరైనా అడుగుతారు. అడిగేవాళ్ళు కూర్చోవడం ఒక్కటే చూస్తారు. ముందు కళ్ళు తెరవాలి. తెరిచాక ఇంకో రోజు వచ్చిందని ఒప్పుకోవాలి. దుప్పటి తీయాలి. దుప్పటి బరువు ఎంతో పడుకుని ఉన్నప్పుడు తెలీదు. పద్నాలుగు మెట్లు దిగాలి. ఇంత చేయగలిగిన దానికి వెలుగు పెట్టె అక్కర్లేదు. అక్కర్లేనివాళ్ళకి పనికొచ్చే మందు కనిపెట్టారు. ఇది డిజైన్‌లోనే ఉన్న లోపం. నా లోపం కాదు.

మీటరు సంగతి నవంబర్ ఏడున చూసుకుందాం. ఆ రోజు సుధ దగ్గరికి పెట్టె పట్టుకెళ్ళాలి.

నవంబర్ 1

వదిన గరాజ్ మొత్తం సర్దింది. పదేళ్ళ చెత్త. మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగే మనిషి.

నవంబర్ 2

7:30–8:00.

నవంబర్ 3, గురువారం

వదిన ఒక్కతే నడుచుకుంటూ మా లైబ్రరీకి వెళ్ళొచ్చింది. ఒకటిన్నర మైలు పోను, ఒకటిన్నర రాను. దారిలో పక్కవీధి కొరియా ఆవిడతో స్నేహం చేసుకొచ్చింది. ఆవిడకి తెలుగు రాదు, ఈవిడకి కొరియన్ రాదు. గంట మాట్లాడుకున్నారట.

"మీ సూపర్‌వైజర్‌ని చూశా" అంది. "డిసెంబర్ ఒకటిన మా మరదలు వస్తుందని చెప్పా."

"ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పమనలేదు. అందుకే చెప్పా."

తొమ్మిదో మెట్టు.

నవంబర్ 5

వదిన కూనిరాగాలు తీస్తోంది. నిద్ర భలే పడుతోందట. అక్కడ రాజమండ్రిలో కూడా ఇంత హాయిగా పడుకోలేదట. నాకు రాత్రి రెండున్నర దాకా పట్టలేదు. ఒకే ఇల్లు, ఒకే అన్నం. ఇలాంటప్పుడే జనం దేవుణ్ణి నమ్మడం మొదలుపెడతారు. నేను పెట్టలేదు.

నవంబర్ 7, సోమవారం

సుధ దగ్గరికి పెట్టె పట్టుకెళ్ళాను. ఏం చెప్పాలో కార్లో రిహార్సల్ చేసుకున్నాను. కీమో వల్ల మతిమరుపు, స్విచ్ సరిగా పడలేదు, కరెంటు పోయింది.

పెట్టెకి వైరు తగిలించి కంప్యూటర్లో చూసింది. "అబ్బ" అంది.

రిహార్సల్‌లో మొదటిది మొదలుపెట్టబోయాను.

"ఒక్కరోజు కూడా తప్పలేదండీ. పదిహేను రోజులు, పదిహేను అరగంటలు. మా దగ్గర ఇలాంటి పేషెంటు లేరు."

కంప్యూటర్ తెర వైపు వంగి నేనూ లెక్కపెట్టాను.

"టైము ఒక్కటే తేడా. మొదటి మూడు రోజులు ఏడున్నర. ఇరవై ఏడున మధ్యాహ్నం మూడింటికి. ఆ తర్వాత రోజూ పొద్దున ఐదున్నర. కాగితంలో ఏడున్నర అని రాశారే?"

"నిన్న గడియారాలు గంట వెనక్కి మార్చారు కదా" అన్నాను. ఇరవై ఏళ్ళుగా ఎదుటివాళ్ళ వాదనలో డొల్లతనం పట్టుకుని బతికిన మనిషిని.

"అది నిన్నటి నుంచేగా. అదీ ఒక గంట." కాగితం ఒకసారి, తెర ఒకసారి చూసింది. "మెషిన్‌లో గడియారం తేడా అయ్యుంటుంది. మీరు రాసిందే కరెక్టని నోట్ పెడతానండీ."

అలసట ఎంత అని పది మార్కులకి వేసే ప్రశ్నలు మళ్ళీ ఇచ్చింది. మొదటిసారి ఎనిమిది. ఈసారీ ఎనిమిదే. అది మాత్రం నిజం రాశాను.

కార్లో పద్మనాభాన్ని అడిగాను, పొద్దున లేచి పెట్టె వేస్తున్నావా అని.

"ఏ పెట్టె?" అన్నాడు. రెండు వారాలుగా దాని పక్కనే ఇడ్లీ తింటున్నాడు.

నవంబర్ 8, మంగళవారం

ఐదింటికి అలారం పెట్టుకున్నాను. పన్నెండు రోజులుగా వెలుగు కోసం లేవనిదాన్ని అనుమానం కోసం లేచాను. మెట్ల మీద ఎక్కడా కూర్చోలేదు. అది గమనించలేదు అప్పుడు.

వదిన తలస్నానం చేసి తల తుడుచుకుని టేబుల్ ముందు కూర్చుని ఉంది. పెట్టె వెలుగుతోంది. పక్కన ఇంగ్లీషు కాగితం, దాని మీద కళ్ళజోడు. కళ్ళు తెరిచి, కాస్త పక్కకి చూస్తూ, కాగితంలో చెప్పినట్టే. నోట్లో ఏదో గొణుగుతోంది. దగ్గరికి వెళితే వినపడింది. మా ఇంటి గోత్రం. ఆ తర్వాత నా పేరు.

"వదినా, ఏం చేస్తున్నారు?"

"కనపడట్లేదా. కూర్చున్నా."

"ఎందుకు?"

"నీ బదులు."

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నిలబడి వాదించే ఓపిక లేదు.

"ఇది గుడి కాదు. ఇది అర్చన కాదు. నా పేరు చెప్పి మీరు కూర్చుంటే నాకు రాదు."

"గుళ్ళో నీ పేరున అర్చన చేయించినప్పుడు నువ్వు వచ్చావా? నాలుగు నెలలు ప్రతి శనివారం చేయించా. స్కానులు శుభ్రంగా రాలా?"

"అది కీమో."

"కీమో మాత్రం నువ్వు చేశావా? మందెక్కించింది నర్సు, నువ్వు చేసింది వాంతులని నువ్వే..." ఆగిపోయింది. "కాఫీ పెట్టనా?"

"ఆగండి. వెలుగు నా కంట్లో పడాలి వదినా. మీ కంట్లో పడితే మీకు పనిచేస్తుంది."

"నీ కంట్లో పడాలంటే నువ్వు దిగాలి. దిగట్లేదు. మీటరు తిరక్కపోతే పెట్టె పట్టుకుపోతారు. నీకు ఓపిక వచ్చి దిగేనాటికి ఇక్కడేముంటుంది, టేబులా?" వదిన గొంతు మారలేదు. ఎవరికో నంబరు చెబుతున్నట్టే ఉంది. "ట్రంక్ కాల్‌లో అవతల మనిషి దొరకలేదనుకో. పొలానికెళ్ళాడు, పిలుచుకొస్తాం అంటారు. లైను వదిలేస్తామా? పట్టుకుని కూర్చుంటాం. హలో, లైన్లో ఉండండి, హలో, లైన్లో ఉండండి. అంతే నేను చేసింది. పేరు చెప్పడం అలవాటు కొద్దీ చెప్పా. చెబితే పోయేదేముంది."

"వాళ్ళ లెక్క పోతుంది. మీరు చేసింది మోసం."

"నేను కూర్చున్నా, రాయలేదు. నువ్వు రాశావు, కూర్చోలేదు. ఏది మోసమో నువ్వే చెప్పు, వ్యాసాలు రాసేదానివి."

పెట్టె టక్కున ఆరిపోయింది. అరగంట అయింది.

"నేను కూర్చోవట్లేదని మీకెలా తెలుసు? మీటరు ఉందని ఎవరు చెప్పారు?"

"ఉప్మా చేస్తున్నా, తింటావా" అంది. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

అదే రోజు, మధ్యాహ్నం

పద్మనాభానికి ఫోన్ చేసి చెప్పాను. ఆఫీసులో ఉన్నాడు. మొత్తం విన్నాడు.

"అంటే ట్రీట్‌మెంట్ పనిచేసినట్టేగా?"

"వేరే మనిషి మీద."

"అక్క గరాజ్ సర్దింది" అన్నాడు, ఆలోచిస్తున్నట్టు.

పెట్టేశాను.

నవంబర్ 9

వదినని మానేయమన్నాను. మానేసింది. నేను మొదలుపెట్టలేదు.

నవంబర్ 10

కాగితంలో 7:30–8:00 అని రాయడానికి పెన్ను తీశాను. రాయలేదు. ఇది ధైర్యం కాదు. మీటరు ఖాళీగా ఉందని తెలుసు.

నవంబర్ 11

ఎవరికీ నష్టం లేదు. వందమందిలో ఒకదాన్ని. స్టడీ అయిపోతుంది, పెట్టె ఇచ్చేస్తాను, సుధ నన్ను మంచి పేషెంటనుకుంటుంది. పదహారు రోజులు సరిగా ఉన్నాయి, చివర కాస్త తగ్గింది అనుకుంటారు. మనుషులన్నాక తగ్గుతుంది.

వదిన నాతో మామూలుగానే ఉంది. పరుపు దుప్పటి మార్చింది. పరుపు కింద డైరీ ఉన్నది ఉన్నట్టే ఉంది, అంచులు మరీ సరిగ్గా సర్ది. నేను అంత సరిగ్గా ఎప్పుడూ పెట్టను.

నవంబర్ 13, ఆదివారం

కింద నుంచి వదిన పాట వినపడటం లేదు. ఐదు రోజులైంది పెట్టె మానేసి. మెట్లు ఎక్కుతూ మోకాలు పట్టుకుంది.

ఆధారం లేకుండా నమ్మేవాళ్ళని ఇరవై ఏళ్ళు తిట్టాను. వాళ్ళు నమ్మారు, అంతే, తప్పుడు లెక్క రాసి ఎవరికీ ఇవ్వలేదు. నేను ఇచ్చాను. నా పేరు మీద ఒక వరస ఉంది ఆ కంప్యూటర్లో. వెలుగు: రోజుకి ముప్పై నిమిషాలు. అలసట: ఎనిమిది, ఎనిమిది. దాన్ని చదివేవాడు ఏమనుకుంటాడు? ఇంత పద్ధతిగా కూర్చున్న ఆడమనిషికే తగ్గలేదంటే ఇది పనిచేయదు అనుకుంటాడు. నాలాంటిది ఇంకో ఊళ్ళో తొమ్మిదో మెట్టు మీద కూర్చుని ఉంటుంది. దానికి పెట్టె ఇవ్వరు. అలసట ఊహ, బద్ధకం అని ఎవరో అంటారు, అనడానికి వాళ్ళ చేతిలో నా కాగితం ఉంటుంది, నా సంతకంతో.

పనిచేస్తుందో లేదో నాకు తెలీదు. తెలుసుకునే వీలు లేకుండా చేసింది నేను.

డిజైన్‌లో లోపం అని రాశాను పోయిన నెల ముప్పయ్యొకటిన. వాదన బాగానే ఉంది. కొట్టేయను. కాని నేను అది సుధకి చెప్పలేదు, పరుపు కింద పెట్టాను.

నవంబర్ 14, సోమవారం

సుధకి ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. కిటికీ తెర, ఐదున్నర, వదిన, గోత్రం.

లైను పోయిందేమో అనుకున్నాను.

"మీ బదులు ఆవిడ కూర్చున్నారా?" అంది చివరికి.

"నా పేరు చెప్పి."

"దీనికి మా ఫారంలో గడి లేదండీ."

"మీ మెషిన్ గడియారం బాగానే ఉంది. ఆ నోట్ కొట్టేయండి."

"కొట్టేయకూడదండీ. ఇంకో నోట్ రాయాలి. రిపోర్ట్ చేయాలి. మిమ్మల్ని స్టడీ లోంచి తీసేస్తారు." అంది. "మా అత్తగారికి నేను ఫోన్ చేయాలేమో."

"ఎందుకు?"

"ఊరికే. మీ మాట మీద మూడు నెలలు మాట్లాడలేదు కదా."

కన్యాదానం మీద నేను రాసింది కరెక్టే. ఇప్పటికీ కరెక్టే. ఆ మాట అనడానికి ఇది సమయం కాదని మొదటిసారి నాకే తోచింది.

"లేవడమే కష్టమైనవాళ్ళకి ఈ పద్ధతి కుదరదు, అది కూడా రిపోర్టులో రాయండి" అన్నాను.

"అది ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదండీ. రాస్తాను." కాగితం చప్పుడు. "పెట్టె ఇరవయ్యొకటిన తీసుకుంటాను. అందాకా మీ ఇంట్లోనే ఉంటుంది. దాన్ని ఏం చేస్తారో నేను అడగను. అది లెక్కలోకి రాదు."

ఫోన్ పెట్టేసి చూస్తే నేను మేడ మీద ఉన్నాను. మాట్లాడుతూ ఎక్కేశాను కాబోలు. ఎక్కడైనా కూర్చున్నానో లేదో గుర్తు లేదు. దీన్ని రుజువు అనను.

నవంబర్ 15, మంగళవారం

వదినా. మీరు చదువుతున్నారని తెలుసు. పోయిన నెల పన్నెండునే తెలుసు, అందుకే మొదటి పేజీ అలా రాశాను. మందెక్కించింది నర్సు, వాంతులు నావి అని నేను ఎవరితోనూ అనలేదు, ఇక్కడ రాశాను. లేవలేదని ఇరవై ఏడున పొద్దున రాశాను, ఆ మధ్యాహ్నం మూడింటికి పెట్టె వెలిగింది. ముప్పై నాలుగేళ్ళు ట్రంక్ ఎక్స్‌ఛేంజ్‌లో పనిచేసి, విన్న మాట నోరు జారారు. వయసైపోతోంది మీకు.

పెట్టె ఇంకా ఆరు పొద్దులు ఉంటుంది. డిసెంబర్ ఒకటికి పదహారు రోజులు. మీ ముందు వాదించి గెలవలేనని తేలింది గనక వాదన లేదు. డిమాండ్లు మాత్రం ఇవి.

1. రేపటి నుంచి పొద్దున ఐదున్నరకి మీరు నన్ను లేపాలి. కాఫీ చూపించి కాదు. దుప్పటి లాగి.

2. నేను తిడతాను. పట్టించుకోకూడదు.

3. పెట్టె మేడ మీదికి తేవాలి, నా మంచం పక్కకి. పద్మనాభం మోయాలి. ఏ పెట్టె అని అడిగితే చూపించాలి.

4. నా గోత్రం, నా పేరు చెప్పకూడదు. మీ పేరు చెప్పుకోండి, మీ ఇష్టం.

5. పెట్టె వెళ్ళిపోయాక కూడా రోజూ పొద్దున నన్ను బయట నడిపించాలి. మొదట వీధి చివరి దాకా. డిసెంబర్ ఒకటి నాటికి లైబ్రరీ దాకా.

6. ఆ రోజు నేను నిలబడలేకపోతే మా సూపర్‌వైజర్‌తో నేనే మాట్లాడతాను. మీరు ముందుగా మాట్లాడకూడదు.

7. తొమ్మిదో మెట్టు మీద నేను కూర్చుంటే కింద నుంచి చూస్తూ నిలబడకూడదు. పైకి రావాలి.

8. ఈ డైరీ చదవడం ఇవాళ్టితో ఆపాలి. చదివానని నాకు చెప్పి ఆపాలి.

9. నా పేరున కూర్చోకూడదు. పక్కన ఇంకో కుర్చీ వేసుకుని కూర్చోవచ్చు.